చూసి చెప్పే మాట

కిటికీ గాజు మీద మొదట పొడిగుడ్డ, తర్వాత తడిగుడ్డ, మళ్లీ పొడిగుడ్డ. ముప్ఫై ఒక్క ఏళ్లుగా ఆమె ఆ వరస తప్పలేదు. బస్సులు ఊదిన పొగ తెల్లారేసరికి గాజు మీద నల్లటి జిడ్డై పేరుకుంటుంది. అది పోయేదాకా మైకు స్విచ్చి ముట్టుకోదు. బస్టాండు మీది అంతస్తులో రెండు బీరువాలు పట్టేంత గది అది. కిటికీలోంచి పన్నెండు ప్లాట్‌ఫారాలూ కనిపిస్తాయి. ఎనిమిదో దానికి మాత్రం ఒక స్తంభం అడ్డు. దాని వెనక ఎవరున్నారో చూడడానికి కుర్చీలోంచి లేచి ఎడమకు వంగాలి. అలా వంగీ వంగీ ఆమె ఎడమ భుజం కాస్త దిగిపోయింది.

కూలీలు ఆమెను మైకమ్మ అంటారు. గొంతు కొంచెం బొంగురు. భర్త బస్సుల మెకానిక్కుగా చేసి రిటైరయ్యాడు. ఇంజన్ల హోరుకు చెవులు పోయాయి. “ఊరందరికీ వినపడే గొంతు నాకొక్కడికే వినపడదు, అదృష్టవంతుణ్ణి!” అని నవ్వుతాడు. పొద్దున్నే ఫ్లాస్కులో గోరువెచ్చని నీళ్లు పోసి, మూత బిగించి చేతికిచ్చేది మాత్రం అతనే.

ఆమె చదవాల్సిన ప్రకటనలన్నీ ఒక పుస్తకంలో ఉన్నాయి. ఒక్క వాక్యం మాత్రం అందులో లేదు. అది ఆమె సొంతం.

ఆ రోజు తొమ్మిదింటికి ఐదో నంబరు బస్సు కదలబోతుండగా, చంకకర్రల మీద ఒకాయన గేటు దాటి వస్తూ కనిపించాడు.

“ఐదో నంబరు డ్రైవరు గారూ, ఒక్క నిమిషం.”

బస్సు కిటికీలోంచి డ్రైవరు చెయ్యి సరేనన్నట్టు బయటికి వచ్చింది. ఆ చెయ్యి చూశాకే ఆమె తన వాక్యం చెప్పింది: “నీలం చొక్కా ఆయనా, నెమ్మదిగా రండి. బస్సు ఆగే ఉంటుంది.”

ఆయన తలెత్తి చూశాడు. గొంతు ఎక్కణ్ణించి వచ్చిందో తెలియక, గాల్లోకే ఒక కర్ర కాస్త ఎత్తి నవ్వాడు.

కింద గోడకు కొత్త పోస్టరు అంటించారు: ‘త్వరలో ప్రయాణికుల సేవలో కృత్రిమ మేధ’. దాని కింద ఎవరో బొగ్గుతో ‘ఎవరికి సేవ?’ అని రాశారు.

“పక్క ఊరి బస్టాండులో పెట్టారుగా. నాలుగో నంబరంది, బస్సు ఏడులో ఉంది. అడుగుదామంటే మనిషేడీ?” అన్నాడొక ప్రయాణికుడు.

“మన మాటలే మింగి, మనకే అమ్ముతారయ్యా వాళ్లు,” అన్నాడు ముసలి కూలీ.

పదకొండింటికి డిపో మేనేజరు, ఆ మిషన్లు పెట్టే కంపెనీ ఆయన్ని వెంటబెట్టుకుని పైకి వచ్చాడు. కంపెనీ ఆయన మర్యాదస్తుడు. చెప్పులు బయటే విడిచి, స్టూలు మీద కూర్చున్నాడు.

“జనం మిషన్ను నమ్మడం లేదమ్మా. దాని గొంతు వింటేనే విసుక్కుంటున్నారు. మీ గొంతైతే నమ్ముతారు. మూడు గంటలు చదివిపెడితే చాలు, అది మీ గొంతుతోనే మాట్లాడుతుంది.”

ఆమె కళ్లజోడు పెట్టుకుని కాగితాలు తిరగేసింది. చివర్లో తన వాక్యం: ‘నెమ్మదిగా రండి. బస్సు ఆగే ఉంటుంది.’ దాని కింద గీత.

“ఇది చెప్పేముందు బస్సునెవరు ఆపుతారండీ?”

“ప్రస్తుతానికి ప్రతి ప్రకటన చివరా దానంతటదే వస్తుంది.”

“బస్సు వెళ్లిపోయినా?”

“వెళ్లిపోయినా వస్తుందమ్మా,” అన్నాడాయన. అబద్ధం చెప్పనందుకు ఆమెకు ఆ మనిషి మీద కాస్త గౌరవం కలిగింది.

“అయితే నా గొంతు ఇవ్వనండీ. అది చూసి చెప్పే మాట. చూడకుండా అంటే అబద్ధమవుతుంది.”

మేనేజరు గొంతు సవరించుకున్నాడు. “మీకింకా రెండేళ్ల సర్వీసుంది. సంతకం పెడితే ఈ గదిలోనే ఉంటారు. లేదంటే రేపట్నుంచి కింద సామాన్ల గదికి వెయ్యమని పైనుంచి ఉత్తర్వు. కిటికీ కూడా ఉండదమ్మా అక్కడ.”

ఆమె కాసేపు గాజులోంచి బయటికి చూసింది. తర్వాత ఫ్లాస్కు మూత విప్పి, ముందు కంపెనీ ఆయనకు నీళ్లిచ్చింది.

“సామాన్లు కూడా చీటీ చూశాకే ఇవ్వాలి కదండీ,” అంది. “అక్కడే కూర్చుంటాను.”

సంతకం లేని కాగితాలు జాగ్రత్తగా సర్ది ఆయన చేతికే ఇచ్చింది.

సాయంత్రం అయిదింటికి ఆమె ఆఖరి ప్రకటన ఎనిమిదో నంబరుది. లేచి, ఎడమకు వంగి, స్తంభం వెనక చూసింది. “ఇంకెవరూ లేరు. బయల్దేరండి,” అంది. డ్రైవరు రెండుసార్లు హారను కొట్టాడు. ఆమెను సాగనంపడం అంతే.

తాళంచెవి ఇచ్చి మెట్లు దిగుతుంటే ముసలి కూలీ ఎదురొచ్చాడు.

“ఏమ్మా మైకమ్మా, మెత్తబడ్డావా?”

“బొంగురు గొంతయ్యా నాది, అంత సులువుగా మెత్తబడదు.”

“మొయ్యడానికి సామానేమన్నా ఉందా?”

“ఈ ఫ్లాస్కే.”

అతను దాన్నే నెత్తిన పెట్టుకుని, “జరగండి, జరగండి!” అని అరుస్తూ ముందు నడిచాడు. జనం దారి ఇచ్చారు. ఆ గొంతు ఈమెదని వాళ్లలో చాలామందికి తెలియదు. దిగిపోయిన భుజాన్ని ఎత్తగలిగినంత ఎత్తి, ఆమె అతని వెనకే నడిచింది.

పైన గదిలో, పన్నెండు ప్లాట్‌ఫారాలూ కనిపించే గాజు ముందు, ఉతికి పిండి ఆరేసిన రెండు గుడ్డలు ఇంకా తడిగానే ఉన్నాయి.