నోరీన్ వీపు మీది వంతెన

ప్రతి గురువారం పొద్దున ఏడింటికల్లా నోరీన్ పొడుగు కర్రకు కట్టిన చీపురు భుజాన వేసుకుని వంతెన మీదికి వెళ్లి, నాలుగు కెమెరాలకూ పట్టిన సాలెగూళ్లు దులిపి వస్తుంది. కెమెరాల వెలుతురుకు పురుగులు చేరతాయి, పురుగుల కోసం సాలీళ్లు చేరతాయి. ఎవరూ చెప్పని పని అది. అయినా పంతొమ్మిదేళ్లుగా ఒక్క గురువారం తప్పలేదు.

ఆ ఏటి మీది వంతెనకు నడిమి భాగం రెండు ఇనుప గోపురాల మధ్య నిలువుగా పైకి లేస్తుంది. కింద నుంచి పడవ పోతుంది, మళ్లీ దిగుతుంది. ఉత్తరపు గోపురం మీది గదిలో కూర్చుని, నాలుగు తెరలు చూసి, మీద ఎవరూ లేరని తేల్చుకున్నాకే మీట నొక్కడం నోరీన్ ఉద్యోగం. తెరలు లేకపోయినా ఆమెకు పెద్ద ఇబ్బంది లేదు. ఆ కుర్చీలో కూర్చున్నంతసేపూ వంతెన మీద నడిచినవన్నీ ఆమె వీపు మీద నడుస్తాయి. పాల ట్యాంకరు, గొడ్ల లారీ, బడి బస్సు, కుక్కని తిప్పే ముసలాయన, అన్నీ ఆమెకు విడివిడిగా తెలుస్తాయి. సాయంత్రం ఆమె వీపుకు తైలం రాస్తూ భర్త కోలిన్, "ఇవాళ చెరుకు లోడ్లు బాగా తిరిగినట్టున్నాయే" అనేవాడు. బ్రెడ్డు షాపులో లారీ డ్రైవర్లు ఎదురుపడితే, "నిన్న కాస్త స్పీడుగా వెళ్లాను నోరీన్, ఏమనుకోకు" అనేవాళ్లు.

ఆమె వంగితే వంతెన కూడా వంగేది. వాళ్లమ్మ చనిపోయిన వారం ఆమె కుర్చీలో కూలబడి ఏడిస్తే, వంతెన మీది వ్యానులో బ్రెడ్లన్నీ ఒక మూలకు జారిపోయాయి. అప్పటినుంచి డ్యూటీలో నిటారుగా తప్ప కూర్చోలేదు. ఊళ్లో ఆమెకు గర్వమని కొందరు అనుకునేవాళ్లు. అనుకోనిమ్మని వదిలేసింది.

ఆ గురువారం ఆమెకు చివరి రోజు. ఇకమీదట వంతెనను మూడువందల కిలోమీటర్ల అవతలి నగరంలో, రాష్ట్ర సరిహద్దు దాటాక ఉన్న ఆఫీసు నుంచే లేపుతారట. వారం క్రితమే తెరలన్నీ అక్కడికి కలిపేశారు. కెమెరాలు ఇక తాము చూసుకుంటామనీ, చీపురు పెట్టొద్దనీ ఉత్తరం కూడా వచ్చింది. పంతొమ్మిదేళ్లలో మొదటిసారి నోరీన్ ఆ పొద్దున చీపురు లేకుండా గదికి వచ్చింది. చేతులు ఏం చెయ్యాలో తోచక రెండుసార్లు టీ కాచుకుంది.

తాళాలు తీసుకోవడానికి నగరం నుంచి డెస్మండ్ వచ్చాడు. నలభై ఏళ్ల మనిషి, కుడి మడమ నేలకేసి కొడుతూ నడుస్తాడు. ఏడాదిగా నెలకోసారి వచ్చిపోతున్నాడు కాబట్టి ఆ మడమ నోరీన్ వీపుకు బాగా తెలుసు.

"నీ వీపు సంగతి నేను పైవాళ్లకి చెప్పాను నోరీన్. చెప్పలేదనుకోకు."

"ఏమన్నారు?"

"వీపు మంచిదేనన్నారు. కానీ ఇన్సూరెన్సు ఫారంలో వీపుకి గడి లేదుట."

"గడి గీసుకోడానికి ఎంతసేపు పడుతుంది డెస్?"

అతను జేబులోంచి కాగితం తీశాడు. "పన్నెండు ఫోటోలు తియ్యాలి. గోపురాలు, బోల్టులు, కీళ్లు. అవి లేకపోతే అప్పగింత పూర్తి కాదుట."

"పదీ ఇరవైకి ఇసుక పడవుంది."

డెస్మండ్ చేతి గడియారం చూసుకున్నాడు. "ఓ, బోల్డంత టైముంది" అంటూ తాళాల గుత్తి జేబులో వేసుకుని మెట్లు దిగాడు. కుర్చీని మాత్రం మధ్యాహ్నం బండి వచ్చాక దించుతారు. నోరీన్ అందులోనే కూర్చుంది.

పదీ పదిహేనుకు నగరంలో మీట దగ్గర కూర్చున్న టెస్ గొంతు స్పీకర్లో పలికింది. ఆరు నెలలుగా ఫోన్లో నోరీనే పని నేర్పిన పిల్ల. "గేట్లు వేస్తున్నా. సైరన్ ఇస్తున్నా. చూసుకో, నీ పేరు నిలబెడతాను."

రెండు వైపులా గేట్లు పడ్డాయి. సైరన్ కూసింది. వీపు మీది బరువులన్నీ ఒక్కొక్కటే దిగిపోతుంటే నోరీన్‌కు రోజూలాగే హాయిగా అనిపించింది. అంతలో వెన్నుకు ఎడమ పక్కన, నడుము దగ్గర, ఒక మోకాలు ఆనింది. పక్కనే కుడి మడమ.

నోరీన్ స్పీకరు వైపు తిరిగింది.

"టెస్, ఆపు. డెస్మండ్ మీదే ఉన్నాడు. దక్షిణపు గోపురం పక్కన, కీలు దగ్గర మోకాలేసుకున్నాడు."

"నాలుగు తెరలూ ఖాళీనే. పచ్చదీపం కూడా వచ్చింది."

"మూడో కెమెరాలో కింది మూల చూడు."

"ఆ మూల మూసేశాం నోరీన్. సాలీడు కదిలినప్పుడల్లా అలారం మోగుతోందని సోమవారం తెరమీద దానికి బూడిదరంగు ముక్క అడ్డం పెట్టాం. కెమెరాకి... కెమెరాకింక అక్కడ ఏమీ కనబడదు."

"సైరన్‌కి లేవలేదంటే చప్పుడు వినబడకుండా చెవులకి డిప్పలు పెట్టుకున్నాడు. మీ రూలేగా అది."

నోరీన్ అతనికి ఫోను చేసింది. అతని జేబులో ఫోను గిలగిలలాడటం తన వీపు మీదే తెలిసింది. అతను పట్టించుకోలేదు. గదిలోంచి మెట్లు దిగి, వంతెన పొడుగునా పరుగెత్తి అతన్ని చేరాలంటే ఐదు నిమిషాలు పడుతుంది. అంతలో రేడియోలో పడవ నడిపే వాల్ అరిచాడు.

"ఏంటమ్మా ఇంకా లేవలేదు? ఆగాల్సిన గుర్తు దాటేశాను. పాటు నీరు వెనకనుంచి నెడుతోంది, రెండొందల టన్నుల ఇసుక. ఇప్పుడు ఆపమంటే నావల్ల కాదు."

"ఎంతసేపు వాల్?"

"మూడు నిమిషాలు. అటూ ఇటూ."

వంతెన లేపకపోతే పడవ వచ్చి గుద్దుకుంటుంది. పడవలో వాల్, అతని ఇద్దరు మనుషులు. లేపితే నడిమి భాగం గట్టు భాగంతో కలిసే కీలు నోరు తెరుస్తుంది. అందులో చెయ్యి పడితే చెయ్యి, మనిషి పడితే మనిషి. టెస్ అంది. "నోరీన్, నేనేం చెయ్యను? మీట మీద చెయ్యుంది నాది."

"చెయ్యి అక్కడే ఉంచు. నేను చెప్పేదాకా నొక్కకు."

ఇన్నేళ్లుగా నిటారుగా ఉంచిన వీపును నోరీన్ వంచడం మొదలుపెట్టింది. ఎడమ భుజం దక్షిణపు ఒడ్డు వైపు దించింది. వెన్ను కదల్లేదు. పళ్లు బిగించి, కుర్చీ చెయ్యి పట్టుకుని, ఇంకా దించింది. ఎక్కడో లోపల పటుక్కుమంది. కళ్లలోంచి నీళ్లు వాటంతటవే కారాయి. కింద ఇనుము మూలిగింది.

వంతెన మీద డెస్మండ్ పక్కన పెట్టుకున్న కొలత టేపు చుట్ట నెమ్మదిగా దొర్లడం మొదలైంది. ఆ చుట్ట దొర్లడం ఆమె చర్మం మీద చీమ పాకినట్టుంది. అతను చెయ్యి చాచాడు, అందలేదు. రెండడుగులు వేశాడు. అది కీలు దాటి దక్షిణపు గట్టు వైపు పోయింది. కంపెనీ టేపు, పోతే సంజాయిషీ రాసుకోవాలి. కుడి మడమ టకటకలాడించుకుంటూ దాని వెంట పరుగెత్తాడు. ఒక అడుగు. ఇంకొకటి. ఆ తర్వాత వీపు మీద ఏమీ లేదు.

"నొక్కు టెస్."

"నాకింకా అతను కనబడలేదు. నొక్కమంటావా?"

"నా వీపు ఖాళీ. నొక్కు."

టెస్ మీట నొక్కింది. నడిమి భాగం కొద్దిగా ఒరిగే పైకి లేచింది. వాల్ పడవ పైకప్పు దాని అంచుకు మూరెడు దూరంలో దూరి వెళ్లిపోయింది. రేడియోలో వాల్ తిట్టిన తిట్లు అతని తల్లి వినలేదు కాబట్టి సరిపోయింది.

అవతలి ఒడ్డున డెస్మండ్ టేపు చేతిలో పట్టుకుని, తాను మోకాలేసిన చోటు ఆకాశంలోకి పోవడం చూశాడు. చెవుల డిప్పలు తీశాడు. చేతి గడియారం చూశాడు, ఫోను తీసి చూశాడు. సరిహద్దుకు ఇటువైపు రాష్ట్రంలో వేసవికి గడియారాలు గంట ముందుకు పెడతారు; పొద్దున దాటినప్పుడు అతను తనది తిప్పుకోలేదు. ఎండాకాలమంతా ఆ పొరపాటు ఎవరో ఒకరు చేస్తూనే ఉంటారు. పెళ్లిళ్లకు ఆలస్యంగా పోతారు, బస్సు తప్పిపోతారు. అతను మాత్రం అక్కడే రోడ్డు మీద కూర్చుండిపోయాడు.

మధ్యాహ్నం బండి వచ్చింది. కుర్చీ మాత్రం దిగలేదు. ఫారంలో గడి కోసం డెస్మండ్ నెల రోజులు పైవాళ్లతో కొట్లాడాడు, వాళ్లు ఒప్పుకోలేదు. చివరికి 'సాలీళ్ల తొలగింపు' అని నోరీన్ పేర కొత్త ఉద్యోగమొకటి రాయించి, ఆ కుర్చీ, ఆ గది దాని కిందికి తెచ్చాడు. ఇప్పుడు టెస్ మీట నొక్కే ముందు తెరలు చూసుకుని, "సాలీళ్ల సంగతేంటి నోరీన్?" అని అడుగుతుంది. నోరీన్ వీపు చూసుకుని జవాబు చెబుతుంది.

ఆ వీపు మళ్లీ పూర్తిగా నిటారు కాలేదు. వంతెన కూడా ఎడమకు వేలెడు ఒరిగే ఉంది. ఇంజనీర్లు వచ్చి కొలిచి, ప్రమాదమేమీ లేదని రాసిపోయారు. ఊరి డ్రైవర్లు అక్కడికి రాగానే అలవాటుగా స్టీరింగు కాస్త కుడికి పడతారు.

డెస్మండ్ ఇప్పటికీ నెలకోసారి వస్తాడు. కారు దక్షిణపు ఒడ్డునే ఆపుకుంటాడు. నోరీన్ టీ కలుపుతూ ఉంటుంది, ఆ మడమ చప్పుడు కోసం వీపు ఎదురుచూస్తుంది. అది మళ్లీ ఎప్పుడూ రాలేదు. బూట్లు చేత్తో పట్టుకుని, ఒట్టి కాళ్లతో, మెల్లగా నడిచి వస్తాడు.

ఆమె రెండో కప్పు తీసి బల్ల మీద పెడుతుంది.