మునెయ్య కుడిచేయి

నగరిలో దొరస్వామి మరమగ్గాల షెడ్డు పొద్దున ఆరింటికే మొదలవుతుంది. ఏడో మగ్గం దగ్గర మునెయ్య కుడిచేయి ఒక్కటే పనిచేస్తుంటుంది. ఆర్నెల్ల క్రితం బెల్టులో పడి మణికట్టు దగ్గర తెగిన ఆ చేయి, మనిషిని ఆసుపత్రికి తీసుకుపోయేలోపే తెగిన దారాలు ముడేసి మళ్లీ పనికి దిగింది. టీ అడగదు, సెలవడగదు. దొరస్వామికి ఇంకేం కావాలి?

ఇంట్లో మునెయ్యకు మాత్రం లేని వేళ్లు మండుతుంటాయి. అందుకే తిరుపతి నుంచి గీతాంజలి వారానికోసారి వచ్చేది. సైకాలజీ చదువుతూ శిక్షణలో ఉన్న పిల్ల. వెళ్లిన ఇంటివాళ్ల నమ్మకాలను గౌరవించాలి, ఇంటి పెద్దల ద్వారానే మాట్లాడాలి అన్న పాఠం బాగా వంటబట్టించుకుంది. మునెయ్యను అడిగింది, అతని తల్లి చెంగమ్మను అడిగింది. తలుపు వెనక నిలబడ్డ పెళ్లాం నాగరత్నమ్మను పక్కకు పిలిచి ఒక్క మాటా అడగలేదు. అడిగుంటే తెలిసేది. పెళ్లయిన పదకొండేళ్లలో ఆమె చెంప వాయకుండా గడిచింది ఈ ఆర్నెల్లే.

"కట్టుకున్నది పోయి పిలిస్తే వస్తాదమ్మా చెయ్యి. ఇదేమో పోదు," అంది చెంగమ్మ.

"ఆడనే ఉండనీండి మేడమ్. బాగా పనిచేస్తా ఉండాది కదా," అంది నాగరత్నమ్మ.

పాపం, దుఃఖంతో మొద్దుబారిపోయిందనుకుంది గీతాంజలి. ఆమె చేతులు పట్టుకుని, "భయపడకండక్కా, నేను పక్కనే ఉంటా," అంది. అంతదాకా వచ్చిన పిల్ల, దేనికి భయమని మాత్రం అడగలేదు.

శుక్రవారం పసుపుగుడ్డలో ముడుపు కట్టించి నాగరత్నమ్మను ఏడో మగ్గం ముందు నిలబెట్టారు. వెనక అత్త, పక్కన మొగుడు, ఎదురుగా కళ్లనిండా నీళ్లతో గీతాంజలి. మూడుసార్లు నాగరత్నమ్మ వెనక్కి తిరగబోతే అత్త ముందుకు నెట్టింది. నాలుగోసారి, "రా... ఇంటికి రా," అంది. మగ్గం ఆగింది. చేయి నూలు దులుపుకుని వచ్చి మణికట్టుకు అతుక్కుంది. ఇప్పుడు మనిషిని యాడ వెతికేదని దొరస్వామి గొణుక్కున్నాడు.

మునెయ్య మంట అక్కడికక్కడే పోయింది. గీతాంజలి రాసిన రిపోర్టు క్లాసులో చదివి అందరూ చప్పట్లు కొట్టారు.

మరుసటి వారం ఆమె మైసూర్‌పాక్ తీసుకుని వెళ్లింది. మునెయ్య రెండు చేతులూ జోడించి దండం పెట్టాడు. నాగరత్నమ్మ కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుని కాఫీ అందించింది. లోటా ఇస్తుంటే కొంగు జారింది. ఎడమ చెంప మీద ఐదు వేళ్లూ తేలి ఉన్నాయి.

గీతాంజలి చూపు మునెయ్య కుడిచేతి మీదికి పోయింది. మునెయ్య బయటికి, చెంగమ్మ పెరట్లోకి పోయేదాకా ఆగి, నాగరత్నమ్మ గొంతు తగ్గించింది.

"నేను రోజూ పొమ్మంటానే ఉండా మేడమ్. పిలిస్తే వచ్చింది గానీ, పొమ్మంటే పోలేదు. కాఫీ సల్లారిపోతాది, తాగండి."