అక్క ఎత్తు బంగారం

మా అక్క స్వర్ణలత ఆటో పూర్తిగా ఆగకముందే కాగితం ఊపుతూ కేక పెట్టింది.

"నవనీతా! పాసైన!"

కోరుట్లలో మా వాకిలి నిండా చుట్టాలు. ఈ వయసులో ఇదేం పరీక్షో వాళ్లకు అర్థం కాలేదు. నాకు తెలుసు. సిరిసిల్లలో తెల్లవారకముందే బయల్దేరి, జగిత్యాలలో ఆగి తెచ్చుకున్న ఎముకల స్కానింగ్ రిపోర్టు అది.

రెండేళ్ల కింద అక్క బరువు తగ్గే ఆపరేషన్ చేయించుకుంది. అది మంచిగా అయితే అక్క బరువుకు సరితూగే బెల్లం సమ్మక్క తల్లికి ఇస్తానని మా అమ్మ రాధమ్మ మొక్కుకుంది. ఆ బెల్లాన్నే మేం బంగారమంటాం. ఇక అక్కకు పిచ్చి పట్టింది. తరాజులో కూర్చున్న రోజు ఎంత సన్నబడిందో చూసి చుట్టాలంతా నోరెళ్లబెట్టాలట! గుడ్లు మానేసింది, పాలు మానేసింది. జీవితాంతం వేసుకోమన్న కాల్షియం గోళీలు కూడా బరువెక్కిస్తాయని అటకెక్కించింది. పైగా అమ్మ దానికి వంత పాడేది. నాకు ఒళ్లు మండేది, కానీ నా మాట ఎవరు వింటారు?

పోయినేడు నీళ్ల బకెట్ లేపబోతే అక్క మణికట్టు విరిగింది. ఈ ఆపరేషన్ తర్వాత తిన్న దాంట్లోని కాల్షియం ఒంటికి సరిగా పట్టదని, గోళీలు మానితే ఎముకలు పలచబడతాయని జగిత్యాల డాక్టర్ కోప్పడ్డాడు. స్కానింగ్‌లో బాగైనట్టు కనిపించేదాకా బరువులు ఎత్తొద్దన్నాడు. మొక్కు బంగారం తన నెత్తిన తనే మోయాలని అక్క పంతం. ఏడాదిగా గోళీలు మింగుతూ, పొద్దుటెండలో నడుస్తూ ఈ కాగితం కోసమే కాచుకుంది.

"డాక్టర్ ఏమన్నడే?" అన్నాను.

"బొక్కలు గట్టిపడుతున్నయట! బంగారం మోయొచ్చన్నడు. గోళీలు మాత్రం ఇడువొద్దన్నడు."

అమ్మకు ఆ మాటలేవీ ఎక్కలేదు. అక్క చెవిలో గుసగుసలాడింది. "పొద్దుగాల ఏం తినలే కదా బిడ్డా?"

"రెండు గుడ్లు తిన్ననే అమ్మా."

అమ్మ నెత్తి కొట్టుకుంది.

మా మేనమామ లస్మయ్య దూలానికి తరాజు కట్టాడు. అక్క పోయినేటి బరువు లెక్క చూసుకుని అమ్మ తెచ్చిన బెల్లం ముద్దలన్నీ ఒక తట్టలో పేర్చాడు. డప్పు మోగుతుంటే అక్క రెండో తట్టలో కూర్చుంది. అక్క తట్ట నేల వదల్లేదు.

డప్పు ఆగిపోయింది.

"మల్ల పెరిగినవా ఏందే స్వర్ణా?" అంది మా పెద్దమ్మ.

అమ్మ ముఖం మాడిపోయింది. నాకు భయమేసింది. ఇదే మాట పోయినేడు విని ఉంటే అక్క వారం రోజులు అన్నం ముట్టేది కాదు.

అక్క మాత్రం పకపకా నవ్వింది. "పెరిగిన పెద్దమ్మా! గివి నా బొక్కలు! మంచిగ తూచుండ్రి!"

అన్నీ ఎముకలే కావు, కొంత కండ కూడా అని డాక్టరైతే అనేవాడేమో. ఆ సంబరంలో నేనెందుకు అంటాను?

అమ్మ చూపు అక్క విరిగిన మణికట్టు మీద పడింది. తర్వాత గబగబా వంటింట్లోకి వెళ్లి, పాయసానికి దాచిన బెల్లం ముద్ద పట్టుకొచ్చింది.

"జరుగుండ్రి. నా బిడ్డ బొక్కలకు నేనే ఏస్త."

ముద్ద పడగానే అక్క తట్ట గాల్లోకి లేచింది. డప్పు దద్దరిల్లింది. నేనైతే చిన్నపిల్లలా చప్పట్లు కొట్టాను.

అక్క దిగి, అమ్మ వేసిన ముద్దనే నెత్తికెత్తుకుంది. విరిగి అతుక్కున్న చెయ్యే దాన్ని పట్టుకుంది. అమ్మ ఆసరాగా చెయ్యి పెట్టబోతే అక్క వద్దంది. అమ్మ కళ్లు తుడుచుకుని నా వైపు తిరిగింది.

"నవనీతా, అక్కకు రేపటికి గుడ్లు తేపో."