నాలుగో పంపు

రెండో వాయి బ్రెడ్ రోల్స్ ఓవెన్‌లోంచి తీస్తుండగా బయట బోర్డు మీద అంకెలు మారాయి. భానుమతి తలెత్తి చూడలేదు. ఎంత పెరిగిందో తలుపు తోసుకుని వచ్చే మొదటి మనిషి ఎలాగూ చెబుతాడు.

వచ్చాడు. ఇళ్ళకు పైకప్పులు వేసే ఆరడుగుల మనిషి. గోళ్ళ కింద తారు, చెవి మీద పెన్సిలు.

"రెండు యూరోల పందొమ్మిది!" కౌంటర్ మీద అరచెయ్యి చరిచాడు. "పెట్రోలేమో ఒకటీ తొంభై ఏడు. డీజిల్ పెట్రోల్ కన్నా ప్రియమా? పుట్టి బుద్ధెరిగాక ఇలాంటిది విన్నామా? మీకు సిగ్గనిపించదూ?"

"సారీ," అంది భానుమతి జర్మన్‌లో. "రసీదు ఇవ్వమంటారా?"

"ఆ రసీదు మీరే చప్పరించండి!"

అతను వెళ్ళాక కూడా కౌంటర్ మీద అరచేతి ముద్ర తడిగా మిగిలింది. భానుమతి గుడ్డతో తుడిచింది. ధర నిర్ణయించేది ఎక్కడో హెడ్డాఫీసులో ఉన్న కంప్యూటర్. రోజుకు పదిహేను సార్లు మారుస్తుంది. ఆ సంగతి పైకప్పు వాడికీ తెలుసు. కానీ కంప్యూటర్‌కి మొహం లేదు. తిట్టడానికి ఒక మొహం కావాలి. జర్మనీలోని జీగెన్ ఊరి చివర, ఆటోబాన్ హైవే ఎక్కే దారిలో ఉన్న ఈ పెట్రోల్ బంకులో, ఉదయం ఆరు నుంచి మధ్యాహ్నం మూడు దాకా ఆ మొహం భానుమతిది.

నలభై ఆరేళ్ళు. పొట్టి మనిషి. బంకు వాళ్ళిచ్చిన ఎర్ర కోటు మోకాళ్ళ దాకా వేలాడుతుంది. ఓవెన్ ట్రే అంచులు తగిలి ఎడమ ముంజేతి మీద నాలుగు కాలిన గీతలు. సాయంత్రానికి పాదాలు ఎంత వాస్తాయంటే, బూట్లు విప్పడానికి కూతురు సాయం పట్టాలి. ఏదైనా గట్టిగా చెప్పాల్సి వస్తే కుడిచేతి చూపుడువేలు దానంతట అదే పైకి లేస్తుంది. పదకొండేళ్ళు ఖమ్మంలో ఇంటర్ పిల్లలకు కెమిస్ట్రీ చెప్పిన వేలు అది.

ఆ చదువు ఇక్కడ చెల్లలేదు. జర్మనీలో టీచర్ కావాలంటే రెండు సబ్జెక్టులు ఉండాలి. ఆమెకున్నది ఒకటి. "ఇంకో సబ్జెక్టు చదివి రండి" అని ఆఫీసులో ఒక కుర్రది నవ్వుతూ చెప్పింది. అప్పటికి భర్త కమలాకర్ బతికే ఉన్నాడు, ఉద్యోగం ఉంది, సొంత ఫ్లాట్ ఉంది. చూద్దాంలే అనుకున్నారు. రెండేళ్ళ కిందట ఒక ఉదయం ఆఫీసుకని బయలుదేరి బస్టాప్ బెంచీ మీద కూర్చున్నవాడు మళ్ళీ లేవలేదు. అప్పు కట్టలేక ఫ్లాట్ పోయింది. ఇప్పుడు తల్లీకూతుళ్ళు రాజ్యశ్రీ అనే తెలిసినావిడ ఇంటి బేస్‌మెంట్ గదిలో ఉంటున్నారు. గోడ అవతలే ఆ ఇంటి వాషింగ్ మెషిన్. అది తిరిగితే మంచం కదులుతుంది.

ఒక ఫ్లాట్ దొరికింది. రెండు గదులు, వంటింటికి కిటికీ. ఇంటావిడ ముసలామె. మంచిదే కానీ మాట మీద నిలబడే రకం. శుక్రవారంలోగా పర్మనెంట్ ఉద్యోగం కాగితం చూపిస్తే ఇల్లు భానుమతిది. లేకపోతే వరసలో తర్వాతి వాళ్ళది. బంకులో ఆమెకు ఆరు నెలల ప్రొబేషన్ ముగిసేదీ ఆ శుక్రవారమే. ఇవాళ మంగళవారం.

మూడు రోజులు నోరు మూసుకోవాలి. అంతే పని.

ఎందుకంటే ఒకసారి తెరిచింది. రెండు వారాల కిందట సూట్ వేసుకున్న ఒకాయన అచ్చం ఇలాగే అరిచి, "దీనికి ఎవరి దగ్గరైనా జవాబుందా?" అన్నాడు. ఉంది. ఆమె చెప్పడం మొదలుపెట్టింది. వేలు లేచింది. రెండో వాక్యం పూర్తవకముందే ఆయన బయటికి నడిచాడు. గల్లాపెట్టె దగ్గరున్న విదేశీయురాలు నాకు పాఠం చెబుతోందని ఫిర్యాదు రాశాడు. బంకును కౌలుకు తీసుకుని నడిపే షేఫర్ ఆమెను వెనక గదిలోకి పిలిచాడు.

"ధర గురించి కస్టమర్‌తో మాట్లాడొద్దు. సారీ చెప్పండి, డబ్బు తీసుకోండి. ఇంకో ఫిర్యాదు వస్తే ప్రొబేషన్ అయ్యేదాకా ఆగను."

పదకొండింటికి కూతురు హారిక ఫోన్ చేసింది. స్కూల్లో విరామం.

"మమ్మీ, తిన్నావా?"

"తిన్నా."

"అబద్ధం. ఎవరన్నా అరిచారా?"

"ఏడుగురు."

"నువ్వేమీ అనలేదు కదా? బిట్టె, ప్లీజ్ మమ్మీ. ఫ్రైడే దాకా. తర్వాత ఎవరినైనా కొట్టుకో, నేనే పట్టుకుంటా వాళ్ళని."

భానుమతికి నవ్వొచ్చింది. ఆ రోజుకి అదొక్కటే నవ్వు.

రెండింటికి, క్యూలో ఆరుగురుండగా, ఒక తెలుగు కుటుంబం లోపలికొచ్చింది. ముప్పై నాలుగేళ్ళుంటాయి అతనికి. మెరిసే జాకెట్, మెడలో ఇంకా ఆఫీసు బిళ్ళ. వెనకాల భార్య. ఆమె భుజం మీద నిద్రపోతున్న పాప. భానుమతి కోటు మీద పేరు చదివి అతను కళ్ళు పెద్దవి చేశాడు.

"అరె, మనోళ్ళేనా ఆంటీ? ఈడ చేస్తున్నరా? ఎంత కష్టం! ఈ ఏజ్‌ల పొద్దంత నిలబడి..." భార్య వైపు తిరిగాడు. "చూసినవా కావ్యా, ఇంట్ల కూసుంట అంటవు. చూడు, ఆంటీ ఎట్ల కష్టపడుతున్నదో."

"విక్రాంత్!" అంది కావ్యశ్రీ నెమ్మదిగా.

"పంపు నంబర్?" అంది భానుమతి. పళ్ళు బిగించే అడిగింది.

"ఫోర్. నిన్ననే తీస్కున్నం కారు. సెకండ్ హ్యాండ్ అయినా డీజిల్. ఆఫీసుల అందరు భయపెట్టిన్రు, డీజిల్ రేట్ మండిపోతున్నదని. ఏడ? నాకైతే ఒకటీ తొంభై ఏడుకే పడ్డది." కార్డు గీకి కన్ను కొట్టాడు. "రెండు పందొమ్మిది పెట్టేటోళ్ళు పెట్రోలోళ్ళు. మన దగ్గర లెక్కనే కద ఆంటీ, తక్కువది డీజిల్!"

తలుపులు తెరుచుకున్నాయి. ముగ్గురూ బయటికి నడిచారు. వెనకాల మనిషి సిగరెట్లు అడిగాడు. భానుమతి చెయ్యి అర మీదికి వెళ్ళి ఆగింది.

తెర మీద ఇంకా ఉంది: నాలుగో పంపు. నలభై మూడు లీటర్లు. పెట్రోల్.

డీజిల్ కారులో నలభై మూడు లీటర్ల పెట్రోల్. ఇండియాలో పైపు పట్టుకునేది బంకు కుర్రాడు. కారులో కూర్చుని డీజిల్ అంటే చాలు. ఇక్కడ ఎవరి పైపు వాళ్ళే పట్టుకోవాలి. అతను బోర్డు చూశాడు, పుట్టినప్పట్నుంచీ తెలిసిన లెక్కతో తక్కువ ధర ఉన్న పైపు ఎత్తుకున్నాడు.

షిఫ్టులో ఒంటరిగా ఉన్నప్పుడు గల్లాపెట్టె వదిలి కదలకూడదు. అది షేఫర్ మొదటి రూలు. ఇంజన్ తిరిగితే పంపు, ఇంజెక్టర్లు అన్నీ నాశనం. ఆటోబాన్ మీద, వెనక లారీ వస్తుండగా, పాపతో సహా ఆగిపోతారు.

భానుమతి పరుగెత్తింది.

"స్టార్ట్ చెయ్యకు! ఏయ్! చెయ్యకు!"

విక్రాంత్ సీటు బెల్టు పెట్టుకుంటున్నాడు. తాళంచెవి పెట్టాడు. తిప్పబోతున్నాడు. ఆమె తెరిచి ఉన్న కిటికీలోంచి చెయ్యి దూర్చి, అతని వేళ్ళ మధ్య నుంచి తాళంచెవి లాగేసింది.

"పిచ్చి లేసిందా ఆంటీ!"

"నువ్వు పోసింది పెట్రోల్! కండ్లు నెత్తికెక్కినయా? పైపు మీద ఇంతింత అక్షరాలు రాసి లేవా?"

అతను బెల్టు వదిలేశాడు. బోర్డు వంక, పైపు వంక, భార్య వంక చూశాడు.

ఆమె తిరిగి కౌంటర్‌కి వచ్చేసరికి క్యూలో ఇద్దరు వెళ్ళిపోయారు, మిగిలినవాళ్ళు సణుగుతున్నారు. వాళ్ళని పంపించేదాకా ఆ దంపతులు కౌంటర్ చివర నిలబడ్డారు. చివరి మనిషి వెళ్ళగానే విక్రాంత్ మొదలుపెట్టాడు.

"అసలు ఇది ట్రాప్ ఆంటీ. పెట్రోల్ కంటే డీజిల్ ఎక్కువేంది? ప్రపంచంల ఏడన్న ఉంటదా? ఎందుకుంటది చెప్పుండ్రి!"

ఆరు నెలలుగా అందరూ అరిచిన ప్రశ్నే. కానీ అరిచినవాళ్ళెవరూ జవాబు కోసం నిలబడలేదు. వీడూ నిలబడేవాడు కాదు, వాడి తాళంచెవి ఇంకా ఆమె జేబులో లేకపోతే. పైగా పక్కన కావ్యశ్రీ నిజంగానే వినడానికి చూస్తోంది.

భానుమతి రసీదు కాగితం బారెడు చించి, తిరగేసి, పెన్ను తీసింది. ఒక పొడవాటి గొట్టం గీసింది.

"ముడిచమురును కాచి దీంట్లకు పంపిస్తరు. పైన గ్యాసు. దాని కింద పెట్రోలు. దాని కింద కిరోసిను. ఇగో, ఈ మధ్యల డీజిలు. అడుగున తారు. ఒక్క పీపాల నుంచి మధ్యది వచ్చేది ఇంతే. మనకు కావాలని ఎక్కువ రాదు." వేలు లేచింది. "లారీలకు అదే, ట్రాక్టర్లకు అదే. చలికాలమొస్తుంటే ఈ ఊళ్ళె ఇండ్లు వెచ్చగుండేది కూడ..."

"అంటే హీటింగ్ ఆయిల్, డీజిల్ ఒకటేనా అండీ?" అంది కావ్యశ్రీ.

చేతిలో పెన్ను ఒక్క క్షణం ఆగింది. ఎన్నేళ్ళయింది, ఒక ప్రశ్న ఇలా సరైన చోట వచ్చి!

"ఒకటే! దాదాపు ఒకటే. అక్టోబర్‌ల అందరు ట్యాంకులు నింపుకుంటున్నరు. బయటి నుంచి తెచ్చుకునేదాంట్ల మొన్నటిదాక సగం రష్యాదే. యుద్ధం మొదలైనంక ఎక్కడెక్కడి నుంచో ఓడల మీద రావాలె. ఎండాకాలం రైన్ నది ఎండి ఆ ఓడలు కూడ సగం సరుకుతో నడిచినయి. పెట్రోల్‌కు ఆ గొడవ లేదు, సెలవులయిపోయినయి, తిరిగేటోళ్ళు తగ్గిన్రు. డీజిల్ మీద పన్ను లీటర్‌కు పద్దెనిమిది సెంట్లు తక్కువ, తెలుసా? అయినా పైకి పోయిందంటే ఎంత కరువో చూడు." గొట్టంలో డీజిల్ ఉన్న చోట నక్షత్రం వేసి కింద రెండు గీతలు గీసింది. పెన్ను మొన కాగితాన్ని చీల్చింది. "దొంగతనం కూడ ఉన్నదనుకో. కరువుల లాభం పిండుకునేటోళ్ళు పిండుకుంటరు. నాకేం దాపరికం?"

మూడింటి షిఫ్టుకు పెరటి దారిన అప్పుడే వచ్చిన మనిషి వెనక గది తలుపు తెరిచాడు. షేఫర్. నాలుగో పంపు దగ్గర కదలని కారు వెనకాల హారన్లు మోగుతున్నాయి.

సంగతి విని, మెకానిక్‌కి ఫోన్ చేసి కనుక్కున్నాడు. కారును ఇంకో బండికి కట్టి లాక్కుపోవాలి. ట్యాంకు ఖాళీ చేసి కడగాలి. ఆరు వందల యూరోలకు తక్కువ కాదు.

ఆ మాట విన్నాక విక్రాంత్ ఇంగ్లీషులోకి మారాడు. గొంతు కూడా మారింది. ఆఫీసు గొంతు.

"క్షమించాలి, కానీ నేను కొత్తవాణ్ణి. పోసే ముందు పంపు దగ్గర నుంచే కేకేసి మీ ఉద్యోగినే అడిగాను. తక్కువ ధరదే డీజిల్ అని ఆమే చెప్పింది. తర్వాత నా చేతిలోంచి తాళంచెవి లాక్కుంది. ఇదిగో, ధరల గురించి ఏదేదో గీసి చూపిస్తోంది కూడా. ఈ ఖర్చు మీ ఇన్సూరెన్సే భరించాలి."

భానుమతి కావ్యశ్రీ వైపు చూసింది.

"ఆవిడ అట్ల అనలేదు కదా, విక్రాంత్," అంది కావ్యశ్రీ. తెలుగులో. నేల చూస్తూ.

"నువ్వూకో."

"ఆ మాట ఇంగ్లీషుల చెప్పమ్మా," అంది భానుమతి. "ఆయనకు అర్థమయ్యేటట్టు. ఒక్క ముక్క. చాలు."

కావ్యశ్రీ నోరు తెరిచింది. విక్రాంత్ ఆమె మోచెయ్యి పట్టుకున్నాడు. ఆమె పాప టోపీ సర్దింది. ఇంకా సర్దింది. సర్దడానికి ఇంకేమీ లేకపోయినా సర్దుతూనే ఉంది.

షేఫర్ కాగితం తీసుకుని చూశాడు. గొట్టం, బాణాలు, నక్షత్రం. నిట్టూర్చాడు. కెమెరాలో బొమ్మ పడుతుంది, మాట పడదు. బొమ్మలో ఉన్నది ఒక్కటే: గల్లాపెట్టె వదిలి పరుగెత్తిన ఉద్యోగి, కస్టమర్ తాళంచెవి లాక్కోవడం.

అతను చెడ్డవాడు కాదు. ఆమెను పక్కకు పిలిచి గొంతు తగ్గించాడు. "చూడండి, ఖర్చు సంగతి నేను మాట్లాడుకుంటాను. మీరు అతనికి సారీ చెప్పండి. ఫిర్యాదు రాయడు, శుక్రవారం కాంట్రాక్టు మీద సంతకం పెడతాను. నాకు పొద్దున షిఫ్టుకి మనిషి కావాలి."

"దేనికి సారీ?"

"గొడవ ముగియడానికి."

ఒక్క మాట. పొద్దుటి నుంచి ఎనిమిది సార్లు అన్న మాటే. పైకప్పు వాడికి చెప్పింది, కుక్కతో వచ్చిన ఒకామెకు చెప్పింది. ఇంకోసారి అంటే రెండు గదులు, వంటింటికి కిటికీ. హారిక గొంతు చెవిలో వినిపించింది. భానుమతి విక్రాంత్ ముందుకెళ్ళి నిలబడింది. అతను ఆమె మొహం వైపు చూడలేదు. కోటు మీది పేరు వైపు చూస్తున్నాడు.

ఆమె నోరు తెరిచింది.

రాలేదు. ఆ ఒక్క మాట. తాను పెట్టని ధరకు సారీ చెప్పగలదు. తాను కాపాడినదానికి చెప్పలేదు.

"ఈయన అబద్ధం చెబుతున్నాడు," అంది జర్మన్‌లో, షేఫర్ వైపు తిరిగి. వేలు లేచింది. ఈసారి ఆమె దాన్ని దించలేదు. "నేను చెప్పింది నిజం. ఆ కాగితం మీద ఉన్నదీ నిజం. ఇంక నేను చెప్పేదేమీ లేదు."

తాళంచెవి విక్రాంత్ ముందు కౌంటర్ మీద పెట్టింది. విసరలేదు.

షేఫర్ ఆ కాగితం కౌంటర్ మీద పెట్టేశాడు. "నోటీసు పోస్టులో వస్తుంది. రెండు వారాల జీతం ఇస్తాను. రానక్కర్లేదు."

మూడింటికి ఇంకా పది నిమిషాలుంది. ఎర్ర కోటు విప్పి, మడతపెట్టి, కుర్చీ వీపు మీద వేసింది. ఓవెన్ ఆపింది. కోల్డ్ రూమ్ తాళం షేఫర్ చేతికిచ్చింది. పలచటి స్వెటర్‌లో ఆమె ఇంకా పొట్టిగా కనిపించింది. కావ్యశ్రీ ఏదో అనబోయి ముందుకొచ్చింది. భానుమతి ఆమెను దాటుకుని నడిచింది. నాలుగో పంపు పక్కనుంచి, రోడ్డు దాటి, బస్టాప్ దాకా. బెంచీ మీద కూర్చోలేదు. నిలబడే ఉంది. బస్సు వచ్చింది. ఎక్కింది.

కౌంటర్ వెనక షేఫర్ నిలబడ్డాడు. మొదట వచ్చినవాడు పాల లారీ డ్రైవర్. "డీజిల్ పెట్రోల్ కన్నా ప్రియమా? దీనికెవరైనా జవాబు చెబుతారా?" అని అరిచాడు.

"సారీ," అన్నాడు షేఫర్.

అతని మోచేతి దగ్గర బారెడు రసీదు కాగితం చుట్ట చుట్టుకుంటోంది. తలుపు తెరుచుకుని గాలి వచ్చినప్పుడల్లా కాస్త విప్పుకుని, గొట్టం మధ్యలో పెన్ను మొనకు చిరిగిన నక్షత్రం దాకా కనబడి, మళ్ళీ ముడుచుకుంటోంది.