రెట్టింపు వేగం

మందుల షాపాయన రోజూ పొద్దున్నే చెవుల్లో ప్రొఫెసర్ల ఉపన్యాసాలు పెట్టుకుని పరుగుకు వెళ్తాడు. అదీ రెట్టింపు వేగంతో. వాళ్లు సాగదీస్తుంటే వినే ఓపిక ఎవడికుందని ఆయనగారి వాదన.

ఆ రోజు ఒకటి అయిపోయి, దానంతటదే ఇంకొకటి మొదలైంది. ఎవరో సైకాలజీ మేడమ్. విన్నట్టు నటించే మనుషుల మీద పరిశోధనట. ఆ వేగానికి గొంతు పిచ్చుకలా కిచకిచమంటోంది.

"నాకు తెలిసిన ఒకాయనకి వాళ్లావిడ తన ఆపరేషన్ తేదీ మూడుసార్లు చెప్పింది. మూడుసార్లూ 'ఊఁ' అన్నాడు. ఇప్పుడడగండి, ఒక్క ముక్క గుర్తుండదు."

"ఎవడ్రా బాబూ ఈ మొద్దు!" అంటూ ఆయన పడీపడీ నవ్వాడు. ఆ నవ్వులో తర్వాతి మాట వినపడలేదు. ఇది తమ్ముడికి పంపాల్సిందేనని ఆగి, ఆ ముక్క వెతకడానికి వెనక్కి జరిపి, వేగం మామూలుకు తగ్గించాడు.

ఆ గొంతు, కాలేజీలో పాఠాలు చెప్పే తన భార్యది.

"పదిహేడో తేదీ, పొద్దున ఎనిమిదింటికి," అంటోంది ఆవిడ తీరిగ్గా.

ఫోన్‌లో చూశాడు. పదిహేడు. ఏడూ యాభై.

ఇందాక బయటికొస్తూ, గుమ్మానికి అడ్డంగా సర్దిపెట్టిన బ్యాగును విసుక్కుంటూ దాటొచ్చాడు.