వాలు దాటే వరస

ఫ్లాస్కుల్లో బఠానీ సూపు పోసి, మూతలు బిగించి, ముగ్గురి మంచుజోళ్ళ పట్టీలూ లాగి చూసి, మరిది ఫెర్నాన్ మరిచిపోయిన చేతితొడుగులు కూడా సంచిలో కుక్కుకుని కారెక్కాను. "ఇంత సామానేంటి సొలాంజ్, పెళ్ళికి పోతున్నామా?" అన్నాడు మా ఆయన రెజాన్. ఫెర్నాన్ నవ్వాడు. నేనూ నవ్వాను. కాపురానికొచ్చిన కొత్తలో నేర్చుకున్న నవ్వు అది, ఏడుపుకన్నా తొందరగా వస్తుంది.

మా షిక్‌షాక్ కొండల్లో ముందు నడిచేవాడిదే పెత్తనం. మంచుజోళ్ళతో కొత్త మంచుని తొక్కి దారి చేసేది అతనే, వెనకవాళ్ళు ఆ దారిన పోవాల్సిందే. అందరూ వంతులు వేసుకుంటారు. మా ఇంట్లో వంతుల్లేవు. ఒకసారి నేను ముందు నడుస్తానంటే, "ఆడది ముందుంటే దారి పాము పాకినట్టు పోతుంది" అన్నారు మా అత్తగారు. ఆవిడ జన్మలో కొండెక్కలేదు. అందుకే ఈ కొండల్లో నేను బాగా చూసింది రెజాన్ వీపు.

మధ్యాహ్నానికి చెట్లు అయిపోయాయి. ఎదురుగా తెల్లటి నిలువు వాలు, దాని అవతల మేం రాత్రి పడుకోవలసిన గుడిసె. ముందురోజు గాలి మంచునంతా తెచ్చి ఆ వాలు మీదే పోసింది. అంచుకు రాగానే కాళ్ళ కింద ఏదో ధుమ్మని కుంగింది. పక్కగదిలో పిండి బస్తా దింపినంత చప్పుడు, అంతే. పైపొర కింద మంచు బోలుగా ఉంటేనే అలా చప్పుడవుతుంది. అది జారితే కొండ సగం మీదికొస్తుంది.

"విన్నావా?" అన్నాను.

"మంచు సర్దుకుంటోందిలే, ప్రమాదమేం లేదు," అన్నాడు రెజాన్. "వెనక్కి పోవాలంటే చీకటి పడేదాకా నడవాలి. ఒక్కొక్కళ్ళం దాటుదాం. తేలికైనవాళ్ళు ముందు. పద, నువ్వెళ్ళు."

"నేనా?"

"నీ బరువెంత వదినా, మంచుకి తెలీను కూడా తెలీదు," అన్నాడు ఫెర్నాన్. నవ్వాడు గానీ చూపు వాలు మీదే ఉంది.

రెజాన్ పక్కకు తప్పుకున్నాడు. ఇన్నేళ్ళలో అతను నాకు దారివ్వడం అదే మొదలు. దగ్గరికొచ్చి నా సంచి నడుంపట్టీ తన చేత్తోనే ఊడదీశాడు. మంచు మీద పడితే సంచి మనిషిని లోపలికి లాక్కుపోకుండా ముందే అలా వదులు చేస్తారు. ప్రమాదం లేనిచోట ఎవరూ చెయ్యరు. తర్వాత సంచి తెరిచి ఫ్లాస్కులూ రొట్టెలూ తీసుకున్నాడు. "ఇవి మా దగ్గరుండనీ."

వాలంటే ఒక భయం, కాదంటే రెజాన్ మొహం ఎలా మారుతుందోనని ఇంకో భయం. ఆ రెండోదే పెద్దది. సర్దుకుపోవడం అలవాటైన కాళ్ళు నన్నడక్కుండానే కదిలాయి. మొదటి అడుగుకే మళ్ళీ కుంగింది. నా ముందు మంచులో దారంలాంటి చీలిక ఒకటి పైకి పాకింది. ఇక కాళ్ళు లేవలేదు. నేను పోతే రెజాన్ ఏడుస్తాడు, నిజంగానే ఏడుస్తాడు, సూపు తాగాక. ఆ ఆలోచన రాగానే నాకే ఆశ్చర్యమేసింది. అది ఆ క్షణాన పుట్టింది కాదు, ఎన్నాళ్ళనుంచో లోపల ఉన్నదే.

"కదలవేం? నీ పిరికితనానికి అందరం ఇక్కడ గడ్డకట్టి చావాలా?" అన్నాడు రెజాన్ వెనకనుంచి.

"నేను దాటను," అన్నాను. గొంతు వణికింది, వణకనిచ్చాను. మెల్లగా వెనక్కి తిరిగి, అతన్ని దాటుకుంటూ చెట్లవైపు నడిచాను. "మీరు దాటండి. ప్రమాదం లేదన్నావుగా."

చెట్ల దగ్గర ఆగి చూశాను. ఇద్దరూ అంచునే నిలబడి ఉన్నారు.

"పదన్నా, నువ్వెళ్ళు," అంటున్నాడు ఫెర్నాన్.

"నాకన్నా నువ్వు సన్నం కదరా," అంటున్నాడు నా మొగుడు.