రూబీ మేడం చెప్పిన సినిమా

రాజమండ్రిలో ఒక డిగ్రీ కాలేజీలో ఇంగ్లీషు పాఠాలు చెప్పే రూబీకి ఊళ్ళో కాస్త పేరుందంటే అది ఇంగ్లీషు వల్ల వచ్చింది కాదు, ప్రేమ సినిమాల వల్ల వచ్చింది. నవ్వించే ప్రేమ సినిమా ఏదైనా చూడాలనుకుంటే స్టాఫ్ రూములో ఎవరైనా ముందు ఆమెనే అడుగుతారు. మొగుడితో అలిగిన కెమిస్ట్రీ మేడంకి ఒకటి చెబుతుంది. కొత్తగా పెళ్ళయిన లైబ్రేరియన్‌కి ఇంకొకటి చెబుతుంది. కొరియా సినిమా, మలయాళం సినిమా, ఫ్రెంచి సినిమా, ఏదీ వదలదు.

ఆమెకు కొన్ని పట్టింపులున్నాయి. సినిమాలో ఆ ఇద్దరికీ ఒకరంటే ఒకరికి నిజంగా మోజుండాలి. అమ్మాయి వెంటపడి వేధించేవాణ్ణి హీరో అంటే ఒప్పుకోదు. అమ్మాయికి కూడా ఒళ్ళు, కోరిక ఉంటాయన్న సంగతి సినిమా తీసినవాళ్ళకి తెలిసుండాలి. తీరా ముద్దు దగ్గరికొచ్చేసరికి కెమెరా రెండు మందార పువ్వుల మీదికి పారిపోయిందా, ఇక ఆ సినిమాకి ఆమె దగ్గర పాసు మార్కులు రావు. "అంత సిగ్గుపడే కెమెరాకి ప్రేమ సినిమాలో పనేంటి?" అంటుంది.

ఇన్ని చెప్పే మనిషి సొంత ప్రేమకథ మాత్రం ఇంటర్వెల్ దాకా కూడా నడవలేదు. నలభైకి దగ్గర పడింది. ఒకప్పుడు జంగారెడ్డిగూడెం నుంచి పామాయిల్ తోటలున్న సంబంధం ఒకటి వచ్చింది. పెళ్ళిచూపుల్లో ఆ అబ్బాయి కూర్చున్నంతసేపూ డ్రిప్ పైపుల గురించీ, ఏ మొక్క ఎన్నేళ్ళకి కాపుకొస్తుందన్న దాని గురించీ చెప్పాడు. వింటూ వింటూ రూబీ, "మరి మీరు ఏ వయసులో కాపుకొచ్చారండీ?" అని అడిగేసింది. అబ్బాయికి అర్థం కాలేదు. వాళ్ళమ్మకి అర్థమైంది. ఆ సంబంధం అక్కడితో సరి.

ఆ తర్వాత కాలేజీలో లెక్కల లెక్చరర్ ఒకాయన నచ్చాడు. ఆ మాట ఆయనతో చెప్పకుండా, వారానికో ప్రేమ సినిమా చొప్పున పేర్లు చెబుతూ వచ్చింది. ఆయన అర్థం చేసుకుంటాడని ఆమె ఆశ. ఆయన ఆ సినిమాలన్నీ బోటనీ ఆవిడతో కలిసి చూశాడు. పెళ్ళి రిసెప్షన్‌లో స్టేజీ మీద మైకు పట్టుకుని రూబీ మేడంకి ప్రత్యేకంగా కృతజ్ఞతలు చెప్పాడు కూడా.

ఈ కథలన్నీ రూబీ తనే చెప్పుకుని నవ్వుతుంది. తను ముందే నవ్వేస్తే అవతలివాళ్ళకి నవ్వే పని తగ్గుతుందని ఆమె ఉపాయం.

జూలైలో ఒక శనివారం, ముసురు పట్టి బయటికి కదిలే వీల్లేని పూట, ఆమె స్నేహితురాలు పావని నుంచి మెసేజ్ వచ్చింది. పావని అదే కాలేజీలో కామర్స్ చెబుతుంది. సినిమా పిచ్చి ఉన్న నలుగురు ఆడవాళ్ళు పెట్టుకున్న 'సండే మ్యాట్నీ' అనే వాట్సాప్ గ్రూపులో అడిగింది: "ఇవాళ మా పెళ్ళిరోజు. పిల్లల్ని అమ్మావాళ్ళింటికి పంపించేశాం. మా ఆయన నిద్రపోకుండా చూసే సినిమా ఒకటి చెప్పవే."

రూబీ టీ గ్లాసు పక్కన పెట్టి, గొంతు సవరించుకుని, వాయిస్ మెసేజ్ మొదలుపెట్టింది.

"ఒసే, శ్రద్ధగా విను. ఒక బేకరీ ఆవిడ ఉంటుంది. నలభై దాటిన మనిషి, విడాకులైపోయాయి. ఆవిడ మాజీ మొగుడు ఇంకో పెళ్ళి చేసుకుంటూ కేకు ఆర్డరు ఈవిడకే ఇస్తాడు. అది తీసుకెళ్ళడానికి పెళ్ళికూతురు అన్న వస్తాడు. మిగతాది నేను చెప్పను. కానీ ఆ ఇద్దరూ మంచం మీద ఉండగా అతనికి తుమ్ములు మొదలవుతాయి చూడు, ఆవిడ జుట్టులో మైదాపిండి ఉంటుంది కదా, అక్కడ ఇద్దరూ పడీపడీ నవ్వుతారు. కథంతా అక్కడే ఉంది. మంచం మీద నవ్వుకోలేనివాళ్ళకి ప్రేమ గురించి మాట్లాడే అర్హత లేదు. తనకేం కావాలో ఆవిడ నోరు తెరిచి అడుగుతుందే! అతను వింటాడు! ఆడది సుఖం అడిగి తీసుకోవచ్చని ఇంత సరదాగా చెప్పిన సినిమా ఇంకోటి లేదు. సిగ్గుంటే చెప్పులతోపాటు గుమ్మం బయట వదిలేసి రండి ఇద్దరూ. అన్నట్టు, లైటు ఆర్పకండి."

పంపించింది. తన తెలివికి తనే కాస్త మురిసింది. టీ చల్లారిపోతే మళ్ళీ వెచ్చబెట్టుకుంది. ఈలోగా పావని నుంచి, "ఏమే, ఉన్నావా? సినిమా పేరు చెప్పవేం?" అని వచ్చింది.

రూబీ ఫోను తీసి చూసింది. సండే మ్యాట్నీలో మెసేజ్ లేదు. దాని పక్కనే ఉన్న గ్రూపులో ఉంది. ఆ గ్రూపు వాళ్ళ లూథరన్ చర్చి స్త్రీల సమాజానిది. దానికి సెక్రటరీ రూబీయే. మెసేజ్‌కి సరిగ్గా పైన, పొద్దున తను పెట్టిన ఆ రోజు బైబిలు వాక్యం ఉంది.

మెసేజ్ మీద వేలు అదిమిపెట్టింది. అందరికీ తీసెయ్యాలా, నీకు మాత్రమే తీసెయ్యాలా అని ఫోను అడిగింది. కంగారులో ఆమె వేలు రెండోదాని మీద పడింది. మెసేజ్ ఆమె ఫోనులోంచి శుభ్రంగా మాయమైంది. సమాజంలో మిగతా ఆడవాళ్ళందరి ఫోన్లలోనూ భద్రంగా ఉండిపోయింది.

సాయంత్రం పాస్టరమ్మగారు హెలెన్ ఫోను చేసింది. "రేపు ఆరాధన అయ్యాక పారిష్ హాల్లో ఒకసారి ఆగమ్మా," అంది. ఇంకేం చెప్పలేదు.

ఆదివారం ప్రసంగంలో ఒక్క మాట కూడా రూబీ చెవికెక్కలేదు. సెక్రటరీ పని మానుకుంటానని ఎలా చెప్పాలో, ఏ ముఖం పెట్టుకుని చెప్పాలో మనసులో నాలుగు రకాలుగా అనుకుంది. హాల్లోకి వెళ్ళేసరికి ప్లాస్టిక్ కుర్చీల్లో సమాజం ఆడవాళ్ళు కూర్చుని ఉన్నారు.

"నిన్నటి మెసేజ్ గురించి..." అని హెలెన్ మొదలుపెట్టింది.

"క్షమించండి పాస్టరమ్మగారూ. పొరపాటున వచ్చిందండి అది."

"పొరపాటని మాకూ తెలిసిందిలే. మమ్మల్ని 'ఒసే' అని నువ్వెప్పుడు పిలిచావు గనక? నేనడిగేది అది కాదు. అంతా చెప్పావు గానీ సినిమా పేరు చెప్పలేదేంటమ్మా?"

రూబీ తలెత్తి చూసింది.

"మూడుసార్లు విన్నాను," అంది ఏసమ్మగారు. ఆవిడ హెడ్ నర్సుగా చేసి రిటైరైన మనిషి. ధవళేశ్వరంలో ఉంటుంది. డెబ్బైకి దగ్గర పడింది, భర్త పోయి చాలాకాలమైంది. "పేరు ఎక్కడన్నా అన్నావేమోనని వెతుక్కున్నాను. లేదు."

"ఇవి చర్చిలో మాట్లాడుకునే మాటలేనా?" అని పాపాయిగారు లేచి, గొడుగు తీసుకుని వెళ్ళిపోయింది. ఆవిడ ఇప్పటికీ రూబీతో ముభావంగానే ఉంటుంది.

ఆవిడ వెళ్ళాక ఏసమ్మగారు నెమ్మదిగా అంది: "మా ఆయనకి కితకితలమ్మా. నా చెయ్యి తగిలితే చాలు, నవ్వేవారు. పక్క గదిలోంచి మా అత్తగారు 'ఏంట్రా ఆ నవ్వు?' అనేది. 'ఏదో కలొచ్చిందమ్మా' అనేవారీయన. మా కాపురమంతా ఆయనకి కలలే వచ్చాయి."

హాలు గొల్లుమంది. హెలెన్ చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. రూబీ సినిమా పేరు చెప్పింది. విడివిడిగా ఎందుకు, అందరం కలిసే చూద్దామన్నారు. వచ్చే సెలవురోజున ఏసమ్మగారింట్లో అని ఖాయం చేసుకున్నారు.

ఆ రోజుకి రూబీ ధైర్యం తిరిగొచ్చింది. మంచి చీర కట్టుకుని వెళ్ళింది. టీవీ ముందు నిలబడి సినిమా గురించి చిన్న ఉపన్యాసం కూడా ఇచ్చింది. రిమోట్ తన చేతిలోనే ఉంచుకుని మధ్యలో కూర్చుంది. ఏసమ్మగారి చెల్లెలి కొడుకు విజయ్ పాల్ మిరపకాయ బజ్జీల పొట్లం తెచ్చాడు. అతను కడియం దగ్గర పశువుల డాక్టరు. రూబీకన్నా కాస్త పెద్దవాడు, విడాకులు తీసుకుని ఒంటరిగా ఉంటున్నాడు. "నువ్వు వరండాలో కూర్చోరా, ఇది ఆడవాళ్ళ సినిమా," అని ఏసమ్మగారు అతన్ని బయటికి పంపేసింది.

సినిమా బాగా నడిచింది. బేకరీ ఆవిడ మాటలకి అందరూ నవ్వుతున్నారు. ఆ ఇద్దరూ బేకరీ తలుపు మూశారు. ఆవిడ ఏప్రన్ ముడి విప్పింది. రూబీకి ఎడమ పక్కన హెలెన్, కుడి పక్కన ఏసమ్మగారు. చిన్నప్పుడు తనకి సండే స్కూల్లో పాటలు నేర్పిన టీచరు ఎదురుగా. ఏం జరిగిందో ఆమెకే తెలియదు. వేలు దానంతటదే రిమోట్ నొక్కింది. ఇంకోసారి నొక్కింది. టకటకా నొక్కుతూనే ఉంది.

"అదేంటి? ఇప్పుడే కదా ఏప్రన్ విప్పింది, అప్పుడే కాఫీ తాగుతున్నారేంటి?" అని ఎవరో అడిగారు.

"ఏం లేదండీ. అక్కడ పెద్దగా కథేం ఉండదు."

"కథంతా అక్కడే ఉందన్నావుగా!" అంది హెలెన్. "వెనక్కి తిప్పు."

"తిప్పమ్మా రూబీ. తుమ్ముల కోసమే వచ్చాను నేను," అంటూ ఏసమ్మగారు ఆమె చేతిలోంచి రిమోట్ లాగేసుకుంది.

మందార పువ్వుల మీదికి పారిపోయే కెమెరాలని ఇన్నేళ్ళు తిట్టిన రూబీ, మంచినీళ్ళు తాగొస్తానని చెప్పి తనే వంటింట్లోకి పారిపోయింది. వెనకనించి తుమ్ములూ, ఆ వెంటనే ఆడవాళ్ళ నవ్వులూ వినిపించాయి.

వంటింట్లో విజయ్ పాల్ టీ వడకట్టే జల్లెడ కోసం వెతుకుతున్నాడు.

"సినిమా బాగోలేదాండి?"

"చాలా బాగుందండి. నేను చూసిందే."

"తెలుసండి. మీ మెసేజ్ మా పెద్దమ్మ కార్లో పెట్టి వినిపించిందండి. స్పీకర్లో." అతనూ కాస్త తడబడ్డాడు. "నాకు బాగా నచ్చిందండి, మీరు చెప్పిన పద్ధతి. మీకు ఇష్టమైతే... నాతో ఒక సినిమాకి వస్తారాండి?"

ఇలాంటి ఘట్టాలు రూబీ ఎన్ని చూసిందో లెక్కే లేదు. ప్రతి సినిమాలోనూ అమ్మాయి ఇంకా చురుకైన జవాబు ఏం చెప్పుండొచ్చో ఆమె వివరించేది. ఇప్పుడు ఆమె నోరు తెరిచింది. వచ్చిన మాట ఇది:

"గేదెలకి గాలికుంటు టీకాలు ఎప్పుడేస్తారండీ?"

విజయ్ పాల్ అప్పుడే దొరికిన జల్లెడని గట్టు మీద పెట్టాడు. తర్వాత ఎప్పుడెప్పుడు వేస్తారో ఓపిగ్గా చెప్పాడు. చివర, "మీకు గేదెలున్నాయాండి?" అని అడిగాడు.

"లేవండి," అంది రూబీ.

మర్నాడు స్టాఫ్ రూములో పావని ఇదంతా విని నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకుంది. ఆ తర్వాత మాత్రం నవ్వడం ఆపి, "ఆయన నీకు నచ్చాడా?" అంది.

"నచ్చాడే. టీకాల గురించి చెప్పేటప్పుడు కూడా నన్ను వెక్కిరించలేదు. చాలా మర్యాదగా చెప్పాడు."

"అయితే మళ్ళీ సినిమా పేర్లు పంపుతూ కూర్చోకు. అడుగు. నోరు తెరిచి అడగాలని నాకు చెప్పింది నువ్వే."

సినిమాల గురించి చెప్పడం సులువు. ఎందుకంటే అక్కడ కాదంటే అవమానపడేది తను కాదు. ఈ సంగతి రూబీకి ఎప్పటినుంచో తెలుసు. జోకులు అడ్డం పెట్టుకుని చూడకుండా తప్పించుకుంది, అంతే. ఆ వారమంతా ఫోను తియ్యడం, పెట్టెయ్యడం చేసింది. చివరికి శుక్రవారం క్లాసుకీ క్లాసుకీ మధ్య, మెట్ల దగ్గర నిలబడి ఫోను చేసింది.

"డాక్టరుగారూ, ఆదివారం మ్యాట్నీకి వస్తారా? గేదెల గురించి అడగనండి."

"అడిగినా ఫర్వాలేదండి," అన్నాడతను.

వాళ్ళు చూసిన సినిమా పరమ చెత్తది. హీరో అమ్మాయి స్కూటీ తాళం లాక్కుని, నవ్వితేనే ఇస్తానంటాడు. రూబీ గుసగుసగా ఉతికి ఆరేస్తూనే ఉంది. ముందు సీటాయన వెనక్కి తిరిగి, "అమ్మా, టిక్కెట్టు కొన్నామండి మేము కూడా," అని దణ్ణం పెట్టాడు. విజయ్ పాల్ మాత్రం ఆమె ఏ మార్కులూ వెయ్యని ప్రతి చోటా హాయిగా నవ్వాడు. ఎంత తేలిక జోకుకైనా భుజాలు కదిలేలా నవ్వుతున్నాడు. కాసేపయ్యాక తను తెర చూడటం లేదని రూబీకి తెలిసింది.

బయటికొచ్చేసరికి వాన దంచుతోంది. పరుగెత్తి కారెక్కారు. అద్దాల మీద ఆవిరి పట్టి బయట ఏమీ కనబడటం లేదు. విజయ్ పాల్ బెల్టు పెట్టుకోబోతుంటే రూబీ అంది:

"మిమ్మల్ని ముద్దు పెట్టుకోవాలనుందండి."

ఆ 'అండి' ఎక్కణ్ణుంచి వచ్చిందో ఆమెకి తెలియదు. ముద్దు అడిగేటప్పుడు కూడా మర్యాద తప్పని మనిషినయ్యానని లోలోపల తిట్టుకుంది.

"పెట్టుకోండి," అన్నాడతను, అంతే మర్యాదగా.

ఇద్దరి కళ్ళజోళ్ళూ ఠక్కున తగిలాయి. ఆమె తన జోడు తీసేసింది. అతనూ తీశాడు. ఇక ఇద్దరికీ సరిగా కనబడదు. మొదటిది ముక్కు మీద పడింది. రెండోది కుదిరింది. రూబీకి ఆ సమయంలో ఏ సినిమా గుర్తు రాలేదు. అతని మీద పాప్‌కార్న్ వాసన, తడిసిన చొక్కా వాసన వచ్చాయి, అవి బాగున్నాయి. పార్కింగ్ కుర్రాడు అద్దం మీద కొట్టి, "సార్, వెనకాల బళ్ళు ఆగిపోయాయండి!" అని అరిచేదాకా వాళ్ళకి ఊరు గుర్తు రాలేదు.

ఇప్పుడు శనివారాలు అతను కడియం నుంచి వస్తాడు. పశువుల కొట్టాల వాసనతో వస్తాడు గనక ముందు స్నానానికి పంపుతుంది. తర్వాత ఏదో ఒక మంచి సినిమా పెడుతుంది, ఇద్దరూ పక్కపక్కన కూర్చుంటారు. ఈ మధ్య ఆమె మొదలుపెట్టిన సినిమాల్లో చాలావాటికి చివర ఏమైందో ఆమెకు తెలియదు.

మొన్న చర్చి మెట్ల మీద హెలెన్ ఆపి అడిగింది. "పెళ్ళి సంగతేంటమ్మా?"

"మాట్లాడుకుంటున్నామండి."

"ఊరికే మాట్లాడుకుంటూనే ఉన్నారా?"

రూబీ చెవుల దాకా ఎర్రబడింది. చటుక్కున ఒక జవాబు తోచింది, మంచి జవాబే. కానీ పాస్టరుగారు తలుపు తాళం వేసుకుంటూ అటే వస్తున్నారు. "వానొచ్చేలా ఉందండి," అని చెప్పి గబగబా మెట్లు దిగిపోయింది.